రీచార్జ్ లేని ఫోన్

నేను స్పృహ తప్పి పడిపోయానన్న సంగతి నాకు తెలిసేసరికి జొన్నరొట్టె చరుస్తున్నాను. వాకిట్లో అంబులెన్స్ ఆగింది. స్ట్రెచర్ పట్టుకుని ఇద్దరు లోపలికి ఉరికొచ్చారు. "పేషెంట్ ఏడున్నది? తల్లి పడిపోయిందంట, లేస్తలేదంట, పాప ఫోన్ జేసింది" అన్నాడు ముందున్నతను. మా అత్త రుక్మిణమ్మ కూడా తల్లే గానీ, ఆమె టీవీ ముందు నిక్షేపంగా కూర్చుని ఉంది. నేను పిండి చేతులతో లేచి నిలబడి, "తల్లిని నేనే అన్నా" అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు. ఇన్నేళ్ల కాపురంలో నాకెలా ఉందో చూడటానికి ఈ ఇంటికి ఎవరైనా ఉరికి రావడం అదే మొదటిసారి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈలోగా పెనం మీది రొట్టె మాడిపోయింది.

మంచం వెనక నక్కిన నా కూతురు మనీషాను చూశాక విషయం అర్థమైంది. నాలుగో తరగతి పిల్ల. దాని చేతిలో వాళ్ల బాపు పాత ఫోన్ ఉంది. మా ఆయన జగదీశ్ ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడు. కొత్త ఫోన్ కొనుక్కున్నాక, అద్దం పగిలిన పాతదాన్ని బిడ్డ చేతిలో పెట్టాడు. "రీచార్జ్ లేదు, ఏడికీ పోదు. ఆడుకోనియ్యి, నీ పని నీకైతది" అన్నాడు. నాకూ బాగానే అనిపించింది. గోదాములో పార్సిళ్లు కట్టి వచ్చాక అంట్లు, బట్టలు, వంట. పిల్ల కొంగు పట్టుకుని తిరగకపోతే చాలనిపించే వేళలు ఏ తల్లికైనా ఉంటాయి. రీచార్జ్ అయిపోయిన ఫోన్ నుంచి కూడా పోలీసులకూ అంబులెన్సుకూ కాల్ పోతుందని ఇంట్లో పెద్దవాళ్లం ఒక్కరమూ ఎరగం. ఎరిగింది మనీషా ఒక్కతే.

అంబులెన్స్ అతను అరవలేదు. అరిస్తే బాగుండేది. "ఫోన్ జేస్తే వచ్చుడు మా డ్యూటీనే అమ్మా. గానీ మేము ఈడున్నంతసేపు ఇంకోకాడికి పోలేం గద" అని, నా నంబర్ రాసుకుని వెళ్లిపోయాడు.

వాళ్లు గల్లీ దాటారో లేదో మా అత్త టీవీ సప్పుడు తగ్గించింది. "నలుగురిని పెంచినం. ఒక్కల మీద గూడ గిట్ల మాట రాలే. ఆడిపిల్లకు గిన్ని ఏషాలా? ఏం పెంపకమే ఇది?" అంది. జగదీశ్‌కు ఫోన్ చేశాను. సంగతంతా విని, "ఎయిర్‌పోర్టు లైన్ల నా ముందట జర్రన్ని బండ్లే ఉన్నయ్. ఇప్పుడు లైన్ల నుంచి బయటికొస్తే మళ్ల ఎనకకు పోవాలె. నేనొచ్చి ఏం జేస్త? ఇంట్ల ఉండి ఒక్క పిల్లను సూసుకోరాదా నీకు?" అన్నాడు. ఇంట్లో ఉండటమట! తెల్లారకముందే లేచి వండిపెట్టి, గోదాముకు పోయి, నడుం విరిగేలా పార్సిళ్లు కట్టి, వచ్చి మళ్లీ పొయ్యి ముందు నిలబడేదాన్ని నేను. అయినా ఈయన లెక్కలో నేను ఇంట్లో ఉండేదాన్నే. గోదాములో ఒక్క గంట ముందు వెళ్తానంటే సూపర్‌వైజర్, "ఆడోళ్లకు రోజు ఏదో ఒకటి ఉంటది ఇంట్ల" అంటాడు. ఇంటి లెక్కలో గోదాము కనపడదు, గోదాము లెక్కలో ఇల్లు అడ్డం. రెండుచోట్లా ఒళ్లు వంచేది మాత్రం నేనే.

మొన్న జనవరి ఇరవయ్యారుకు మనీషా బడిలో పరుగుపందెం గెలిచి స్టీలు గిన్నె తెచ్చింది. ఆ గిన్నె పట్టుకుని జగదీశ్ గల్లీ అంతా తిరిగాడు. "మా రక్తమే అంత. మా నాయన గిట్లనే ఉరికేటోడు" అని చెప్పుకున్నాడు. ఆ నెలంతా పొద్దున్నే దాన్ని లేపి, పాలు తాగించి, మైదానం దాకా తీసుకుపోయింది ఏ రక్తమో ఎవరూ అడగలేదు. పిల్ల గెలిస్తే వాళ్ల రక్తం, తప్పు చేస్తే నా పెంపకం. పంపకాలు ఎంత బాగా చేసుకున్నారో.

ఆ రాత్రి రొట్టెలు ముగించి మనీషాను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. "ఎందుకు జేసినవే?" అన్నాను.

"నిజంగనే వస్తరా అని" అంది తల దించుకుని. "మొదలు ఇల్లు కాలుతుందని చెప్పిన. నమ్మలే. ఇంట్ల పెద్దోళ్లకు ఇయ్యి అన్నరు. దొంగలొచ్చిండ్రని చెప్పిన. అదీ నమ్మలే. అమ్మ పడిపోయింది, లేస్తలేదు అంటె నమ్మిండ్రు."

నా మీద ప్రేమతో చేసిందనో, నా కష్టం చూడలేక చేసిందనో నేను కథ అల్లుకోవచ్చు. అదేం కాదు. ఆటకు చేసింది. అయినా ఆ మాట నా గుండెకు తగిలింది. ఏ ఇంట్లోనైనా ఏదో ఒక రోజు అమ్మ పడిపోతుందని, ఫోన్లో ఉన్న ఆ తెలియని మనిషి కూడా ఇట్టే నమ్మేసింది.

తెల్లారి పాలప్యాకెట్ కోసం వెళ్తే దుకాణం దగ్గర వెనక గల్లీ రాములమ్మ కనపడింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. ఏమైందని అడిగాను. అడక్కపోయినా చెప్పేదే. "నిన్న పొద్దుమూకినంక మా నిర్మలకు నొప్పులొచ్చినయ్ బిడ్డా. అంబులెన్స్‌కు ఫోన్ జేస్తే, దగ్గరి బండి ఎవలింటికో పోయింది, షాద్‌నగర్ దిక్కెల్లి ఇంకోటి పంపుతున్నం అన్నరు. ఏడ ఆగుతం? ఇటికెలు మోసే ట్రాలీ ఆటోల ఏస్కపోయినం. తొవ్వలనే కాన్పయింది. ఆ కుదుపులకు నెత్తురు ఎంత పోయిందో! దేవుడు సూసిండు, తల్లీ పిల్లా బతికిండ్రు. దవాఖానల ఉన్నరు" అంది.

ఆ ఎవలిల్లు మాదే. పాలు తీసుకోకుండానే ఇంటికొచ్చి మా అత్తకు చెప్పాను. ఆమె కూడా బిత్తరపోయింది. తర్వాత తేరుకుని, "నోట్లె నువ్వుగింజ నానదు నీకు. ఎవలకు తెలుసు మన పిల్లనే అని? సప్పుడు జేయకుండ ఉండు. రేపు పెండ్లి జేయాల్సిన పిల్ల" అంది. నాలుగో తరగతి పిల్లకు పెళ్లి అప్పుడే గుర్తొచ్చింది ఆమెకు.

ఆ మధ్యాహ్నమే గోదాములో ఉండగా పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్. మల్లేశ్వర్ అనే హెడ్ కానిస్టేబుల్. "సిమ్ జగదీశ్ పేరు మీదున్నది. ఇంతకుముందు గూడ రెండు కాల్స్ పోయినయ్. కేసేం లేదు, పిల్లనే గద. గానీ తల్లీ తండ్రీ ఇద్దరు పాపను తీస్కొని రేపు పొద్దున రావాలె" అన్నాడు. జగదీశ్‌కు చెబితే, "నువ్వు పోయి తప్పయిందని చెప్పిరా. నేను స్టేషన్ల నిలబడితే తోటి డ్రైవర్ల ముందట నా ఇజ్జత్ ఏంగావాలె?" అన్నాడు. నా ఇజ్జత్ సంగతి ఎవరూ అడగలేదు. నాకూ ఒకటి ఉందని ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

ఆ సాయంత్రం నిర్మల సంగతి మనీషాకు మొత్తం చెప్పాను. కొట్టలేదు, తిట్టలేదు, ఏదీ దాచలేదు. ఇటుకల ఆటో అని చెప్పేసరికి దాని చేతిలో ముద్ద కంచంలో పడింది. "ఆ పాప బతికింది గద అమ్మా?" అంది. బతికిందన్నాను. చాలాసేపు ఏడ్చింది. ఏడవనిచ్చాను. చివరికి ముక్కు తుడుచుకుని, "నేను పోయి చెప్పాల్నా?" అని అడిగింది. "చెప్పాలె బిడ్డా. నేను పక్కనే ఉంట. గానీ చెప్పేది నువ్వే" అన్నాను. ఆ మాట అన్నాక నాకు నిద్రపట్టినంత హాయిగా ఈ మధ్యకాలంలో ఎప్పుడూ పట్టలేదు.

పొద్దున గోదాముకు రానని ఫోన్ చేశాను. సూపర్‌వైజర్ ఏదో అనబోతే పెట్టేశాను. మనీషాకు జడలు వేసి, ఆటో ఎక్కించుకుని స్టేషనుకు కాదు, ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబులన్నీ వంతు కోసం ఆగే మైదానానికి పోయాను. అక్కడ బండికో నంబరు ఉంటుంది. వంతు వచ్చేదాకా కదలకూడదు. బండి గేటు దాటిందా, నంబరు పోయినట్టే. ఇన్నేళ్లుగా మా ఇంట్లో జ్వరాలూ, బడి మీటింగులూ, మా అమ్మ దినకర్మా అన్నీ ఆ నంబరు వెనకే నిలబడ్డాయి.

జగదీశ్ నలుగురు డ్రైవర్లతో చాయ్ తాగుతున్నాడు. నన్ను చూసి గ్లాసు పక్కన పెట్టి, "ఏందే, ఈడికొచ్చినవ్?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఇద్దరు రావాలన్నరు. బండి తియ్యి" అన్నాను.

"నా ముందట నాలుగే ఉన్నయ్. ఇంటికాడ మాట్లాడుకుందాం పో."

"ఇంటికాడ నువ్వెప్పుడుంటవ్?" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఫోన్ ఇచ్చింది నువ్వు. సిమ్ నీది. అది ఏడికి పోతదో సూసుకోంది నేను. జేసింది ఇది. ముగ్గురి తప్పుకు నేనొక్కదాన్నే పోయి చేతులు కట్టుకొని నిలబడ. ముగ్గురం పోదాం."

డ్రైవర్లు గ్లాసులు నోటి దగ్గరే ఆపి చూస్తున్నారు. జగదీశ్ ముఖం ఎర్రబడింది. అప్పుడు మనీషా ముందుకెళ్లి వాళ్ల బాపు చెయ్యి పట్టుకుంది. "రా బాపూ. నాకు భయమైతుంది" అంది. పక్కనున్న రవీందర్ అనే డ్రైవర్, "పో అన్నా. నంబర్ మళ్ల వస్తది" అన్నాడు. జగదీశ్ తాళాలు తీశాడు. బండి గేటు దాటుతుంటే అతని ఫోన్ మోగింది, నంబరు పోయిందని.

స్టేషన్లో మల్లేశ్వర్ మనీషాకు మెల్లగానే చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగి, "తల్లివి, నువ్వు సూస్కోవద్దా అమ్మా?" అన్నాడు. నేను నోరు తెరవకముందే జగదీశ్ చిన్న గొంతుతో, "ఫోన్ ఇచ్చింది నేనే సార్" అన్నాడు. అతని వైపు చూశాను. గొప్ప మాటేం కాదు, ఉన్న మాటే. కానీ పెళ్లయ్యాక నా మీద పడిన ఒక నిందలో సగం అతను తీసుకోవడం అదే మొదలు.

అక్కడి నుంచి దవాఖానకు పోయాం. నిర్మల పాలిపోయి పడుకుని ఉంది, పక్కలో గుడ్డల్లో చుట్టిన ఆడపిల్ల. మనీషా మంచం కాళ్ల దగ్గర నిలబడి, "అక్కా, ఆ రోజు దొంగ ఫోన్ జేసింది నేనే. నా తాన బండి ఉండబట్కె నీ తానకు రాలే. తప్పయింది" అంది. ఒక్క మాట మింగలేదు. రాములమ్మ లేచి దాన్ని వదిలేసి నా మీదికొచ్చింది. "నీ ఇంట్లకెల్లి వచ్చిందానే గీ గండం? నిన్న నేను ఏడుస్తుంటె ఇనుకుంట నిలబడితివి! ఏం తల్లివే నువ్వు?" అని వార్డంతా వినపడేలా అరిచింది. నేను తల వంచుకున్నాను. కన్నతల్లిగా ఆమె పడ్డ బాధకు ఆ మాట తక్కువే.

మనీషా మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది. ఏడుస్తూనే, "మా అమ్మను అనకుండ్రి అమ్మమ్మా. జేసింది నేను. నన్ను అనుండ్రి" అంది.

మా ఇంట్లో, మా గల్లీలో, ఎవరి తప్పు ఎవరిదైనా చివరికి వచ్చి పడేది ఎవరో ఒక తల్లి మీద. నా జన్మలో మొదటిసారి ఒకరు తమ తప్పును తల్లి మీద పడనివ్వకుండా తామే మోశారు. ఆ ఒకరు నా బిడ్డ. గర్వంతో నా కడుపు నిండిపోయింది, నిర్మల ముందు నిలబడి అలా గర్వపడొచ్చో లేదో కూడా తోచలేదు. నిర్మల మంచం మీంచే దాని వైపు తిరిగింది. "ఆటోల నేను ఎంత మొత్తుకున్ననో నీకు తెల్వదు బిడ్డా. ఇంకెప్పుడు జేయకు" అంది. క్షమించానని అనలేదు. అనాల్సిన పనీ లేదు.

సాయంత్రం మళ్లీ రొట్టెలు చరుస్తున్నాను. నిర్మలకు కూడా కలిపి పిండి తడిపాను. రేపటి నుంచి బాలింత తిండి మా ఇంటి నుంచే పోతుంది, మోసుకెళ్లేది మనీషా, బండిలో దింపేది జగదీశ్. ఆ మాట ఇంట్లో నేనే చెప్పాను, ఎవరినీ అడగలేదు. మా అత్త మూతి ముడుచుకుని టీవీ చూస్తోంది. వాకిట్లో జగదీశ్ రవీందర్‌తో ఫోన్లో మాట్లాడుతున్నాడు. "అంతమంది ముందట జర గూడ జంకలే అన్నా, నా బిడ్డ. మా రక్తమే అంత" అంటున్నాడు.

రొట్టె పెనం మీద వేసి, చేతులు దులుపుకుని గుమ్మంలోకి వచ్చాను.

"అది రక్తం గాదు" అన్నాను, లోపలికీ బయటికీ వినపడేలా. జగదీశ్ ఫోన్ చెవి నుంచి తీశాడు. మా అత్త టీవీ సప్పుడు తగ్గించింది.

"ఏం పెంపకమే ఇది అని అడిగినవ్ గద అత్తమ్మా? గిదే. గిదే నా పెంపకం."