భిక్షం వల దగ్గర

శామీర్‌పేట చెరువు మీద పొగమంచు విచ్చకముందే తీసిన రెండు నిమిషాల ముక్క అది. శైలజ చేరిన ఫిల్మ్ కోర్సులో, థ్రిల్లర్ సినిమాకు మొదటి సీను ఒకటి తీసి తెమ్మన్నారు. చేపలు పట్టే ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది ఆమె ఒక్కతే. నటులను ఎక్కడి నుంచి తెస్తుంది? వాళ్ల నాయిన మొగులయ్యనే తెప్ప ఎక్కించింది.

కెమెరాను నీళ్లకు ఆనేంత కింద పెట్టింది. అక్కడి నుంచి చూస్తే బక్కపలచని మొగులయ్య కూడా కొండంత మనిషయ్యాడు. ముఖం చూపలేదు. చేతులు, తెడ్డు, నీళ్లలో వల తాడు, అంతే. వల దగ్గరపడేకొద్దీ షాట్లను పొట్టిగా కత్తిరించుకుంటూ పోయింది. చప్పుళ్లన్నీ తీసేసి, తెడ్డు నుంచి జారే నీటిబొట్లను మాత్రం ఉంచింది.

సాయంత్రం ఇంట్లో లాప్‌టాప్ పెట్టి చూపించింది. పక్కింటి భిక్షం కూడా వచ్చి కూర్చున్నాడు. సినిమాలో ఉన్న వల అతనిదే.

"ఏంది మొగులన్నా, నా వలల చేపలు తగ్గుడు గిందుకేనా?" అని నవ్వాడు భిక్షం. అందరూ నవ్వారు, మొగులయ్య తప్ప.

భిక్షం వెళ్లాక మెల్లగా అన్నాడు. "గిది పంపకు బిడ్డా."

"ఎందుకు నాయినా? ఉత్త కథనే గద. రేపే ఇయ్యాలె."

"మనోళ్ల ఫోన్లల్ల తిరుగుతది. ఇంకోని వల దిక్కు పోతే 'ఓ...' అని పిలుస్తం. పిలువకుంట పోయేటోడు దొంగనే. నేను పిలిచిన గద, నా పిలుపేడ వోయింది?"

మిగతా చప్పుళ్లతో పాటు ఆ పిలుపును తీసేసింది శైలజే.

మళ్లీ లాప్‌టాప్ తెరిచి పిలుపును దాని చోట పెట్టింది. బిగువంతా సడలిపోయింది. నాయిన "ఓ..." అంటాడు, మంచులోంచి భిక్షం "ఓ... రా అన్నా" అంటాడు. అరుగు మీద ముచ్చట పెట్టుకున్నట్టుంది. ఇట్ల ఇస్తే మార్కులు రావు, అట్ల ఇస్తే నాయిన తలెత్తుకోలేడు. ఆ రెండు కేకలనే పదేపదే విన్నది. విని విని, భిక్షం జవాబును మాత్రం కత్తిరించింది.

ఆ చోట నీటిబొట్లే మిగిలాయి. పనికిరాదని పక్కన పడేసిన షాటొకటి తెచ్చి అతికించింది. అందులో నాయిన ముఖం ఉంది, జవాబు కోసం చెవి ఒగ్గి. ఆ షాటును కత్తిరించలేదు, అట్లే సాగనిచ్చింది. ఇప్పుడు నాయినను చూసి భయం వేయడం లేదు, నాయినకు ఏమవుతుందోనని వేస్తోంది.

తెల్లారి కట్ట మీద చేపల ట్రే బోర్లించి లాప్‌టాప్ పెట్టింది. మొగులయ్య, భిక్షం చెరో పక్క కూర్చున్నారు. తెర మీద మొగులయ్య "ఓ..." అన్నాడు. బొట్లు పడుతున్నాయి. ముఖం కదలడం లేదు.

"ఓ... రా అన్నా," అన్నాడు భిక్షం, కట్ట మీద కూర్చునే. అన్నాక సిగ్గుపడి తలగుడ్డ సర్దుకున్నాడు.

మొగులయ్య నవ్వాడు. "ఇగ పంపు బిడ్డా."

"పంపుడు ఆగు," అన్నాడు భిక్షం. "ముందట నడువనియ్యి. నేనేడ వోయిన్నో సూద్దాం."

"అయిపోయింది కాకా. గంతే."

"గట్లెట్ల అయితది? నాకేమైందో సెప్పకుంట?"