మావయ్య తగ్గించిన వేడి

"పొట్టు ఒక్క రేక కూడా అంటుకోనేదమ్మా. మాకన్నీ ఈ నల్ల ట్రేలే కావాల."

పలాసలో జీడిపప్పు షెడ్డు నడిపే గౌరీశ్వరి ఫోన్ చేసేసరికి, టెక్కలిలో మోహిని తన భర్త యువరాజు చేతిలోని పకోడీ లాక్కుంటోంది. మెడలో పసుపుతాడు పచ్చదనం ఇంకా పోలేదు. ఆ సంతోషంలో పకోడీ అతని నోట్లోనే పెట్టేసింది.

మామూలు ప్లాస్టిక్ ట్రేలో పప్పు పోస్తే, రాపిడికి పుట్టే కరెంటు వల్ల పొట్టు అంటుకుపోతుంది. మోహిని చదివింది ప్లాస్టిక్కుల చదువే. కంటికి కనబడనంత సన్నటి కార్బన్ గొట్టాలు కలిపిన నల్ల ప్లాస్టిక్ గింజలు తెప్పించి, యువరాజు మేనమామ తారకేశ్వరరావు ప్లాస్టిక్ అచ్చుపోసే మిషన్లో నమూనా ట్రేలు తీసి గౌరీశ్వరికి పంపింది. గొట్టాలు ఒకదాన్నొకటి తాకుతుంటే ఆ కరెంటు నిలవకుండా జారిపోతుంది.

తీరా తారకేశ్వరరావు ఆర్డరు ట్రేలన్నీ పోయించి పంపాక గౌరీశ్వరి మళ్లీ ఫోన్ చేసింది. పొట్టు అంటుకుంటోందట. తారకేశ్వరరావే మాట్లాడాడు.

"ఏటి సేత్తామమ్మా, మా కొత్తకోడలు తెచ్చిన సరుకది. పాత ట్రేలే అంపుతాన్లే."

మోహినికి అరికాలి మంట నెత్తికెక్కింది. తిన్నగా మిషను దగ్గరికి నడిచింది. వెనకే యువరాజు, మావయ్య వచ్చారు. వేడి తగ్గించి ఉంది. ప్లాస్టిక్కును అచ్చులోకి తోసే వేగం పెంచి ఉంది.

"ఎవలు మార్సేరు మావయ్యా?"

"నానే. జల్మంతా జీడిబట్టీ కాడ గడిపినోణ్ణి. సెగ ఎక్కువైతే పప్పు మాడిపోదేటి?"

"ఇది పప్పు కాదు. చల్లగా, జోరుగా తోసేస్తే గొట్టాలన్నీ ఒకే వైపుకి సాగి, దేనికది విడిగా గడ్డకట్టిపోతాయి. తప్పు మీరు సేసి నా పేరు సెప్తారేటి?"

"ఇన్నావురా యువరాజూ, పెళ్లికూతురి గొంతు?"

"గొంతుకేటి మావా, బాగానే ఉంది. మాట ఇను."

మోహిని అదే బస్తాలోని గింజలు పోసింది. వేడి పెంచి, వేగం తగ్గించి ఒక ట్రే తీసింది. కరెంటు పారుతుందో లేదో చూపే మీటరు తీగలు దానికి ఆనించగానే ముల్లు లేచింది. మావయ్య ట్రే మీద పెడితే కదల్లేదు.

తారకేశ్వరరావు రెండు ట్రేలనూ తిప్పి తిప్పి చూశాడు. "ఒకే సరుకేనేటి?"

"బస్తా ఇప్పింది నువ్వే కదా మావా," అన్నాడు యువరాజు.

"రేపు పొద్దున్నే బండి పలాస ఎల్తాది," అంది మోహిని. "ట్రేలన్నీ ఎనక్కి తెచ్చి, ముక్కలు కొట్టి, ఈ వేడి మీదే మళ్లీ పోద్దాం. మీరూ బండెక్కాల మావయ్యా. సరుకు మంచిదేనని గౌరీశ్వరక్కకి మీ నోటితోనే సెప్పాల."