రాయని అధ్యాయం

పరంజ్యోతి రాసిన ప్రతి పుటనూ అచ్చుకు పోకముందే చదివే మనిషి ఆయన భార్య శాంతమ్మ. బిజినేపల్లిలో కూలి చేసుకునే ఇంట పుట్టి, మిషన్ హాస్టల్లో చదువుకుని, బెంగుళూరులో దైవశాస్త్రం పూర్తిచేసి వచ్చిన ఆయన గద్వాలలో బైబిలు పాఠశాల పంతులుగా చేరాడు. పగలు పాఠాలు చెప్పేవాడు, తెల్లవారుజామున లేచి రాసుకునేవాడు. ఎనభై రెండులో వచ్చిన 'మోకాళ్ల మీది బతుకు' ఆయన పేరును పాలమూరు దాటించింది. ప్రార్థన ఎలా చేయాలో, దేవుడి జవాబు కోసం ఎలా కనిపెట్టుకుని ఉండాలో పల్లెటూరి మనిషికి తెలిసేలా చెప్పిన పుస్తకమది. రాయచూరు చర్చి సంఘాల నుంచి కూడా ప్రార్థన కూటాల్లో ప్రసంగించమని పిలుపులొచ్చేవి. గర్వం పాపమని తెలిసినా, ముందు వరసలో కూర్చుని ఆయన మాటలు వింటుంటే శాంతమ్మకు గర్వంగానే ఉండేది.

ఎనభై ఎనిమిది వానాకాలంలో వాళ్ల ఒక్కగానొక్క కూతురు కృపకు మెదడువాపు జ్వరం వచ్చింది. ఇంటర్ చదువుతున్న పిల్ల. దవాఖానలో చేయగలిగిందంతా చేశారు. వనపర్తి, నాగర్‌కర్నూల్ సంఘాలవాళ్లు ఉపవాసముండి ప్రార్థించారు. పరంజ్యోతి మంచం పక్కన మోకరించినవాడు లేవనేలేదు. అయినా పిల్ల దక్కలేదు.

సమాధి దగ్గర ఆయనే బైబిలు వాక్యం చెప్పాడు, గొంతు వణకకుండా. అందరూ ఆయన విశ్వాసాన్ని మెచ్చుకున్నారు. ఆ తర్వాతి సంగతి మాత్రం శాంతమ్మ ఒక్కదానికే తెలుసు. చర్చిలో అడిగినవాళ్ల తలమీద చెయ్యిపెట్టి ప్రార్థించే మనిషి, ఇంటికొచ్చి గోడవైపు చూస్తూ కూర్చునేవాడు. ఒకరోజు అన్నం ముందు ప్రార్థన చేయమని ఆమె అడిగింది.

"నువ్వు చెయ్యి శాంతా. నాకు మాటలు వస్తలేవు," అన్నాడు.

ఆమె చేసింది. ఆనాటి నుంచి ఇంట్లో ప్రార్థన ఆమె వంతైంది. ఒక్కోసారి ఆయన మీద విపరీతమైన కోపం వచ్చేది. బిడ్డ తనకూ పోయింది కదా, తనకు మాత్రం మాటలు ఎక్కడినుంచి వస్తున్నాయి? కాని ఎవరికీ చెప్పుకోలేదు.

రెండేళ్ల తర్వాత వనపర్తి కూటాల్లో ఆయన ప్రసంగం సగంలో ఉండగా, తెలకపల్లి నుంచి వచ్చిన బాలమ్మ అనే ఆమె లేచి నిలబడింది. ఈమధ్యనే కొడుకును పోగొట్టుకున్న తల్లి.

"అయ్యగారు, మీ పుస్తకం మా తమ్ముడు సదివి ఇనిపిచ్చిండు. దవాఖానకు తీస్కపోయిన, మీరు చెప్పినట్టు మోకాళ్ల మీద గూడ ఉన్న. నా కొడుకు బతకలే. నా ప్రార్థనల ఏం తక్కువైంది?"

పెద్దలు ఆమెను కూర్చోమని సైగ చేశారు. పరంజ్యోతి వేదిక దిగి వచ్చి ఆమె ఎదురుగా చాప మీద కూర్చున్నాడు.

"నీ దాంట్ల ఏం తక్కువ లేదమ్మా. నా బిడ్డ కోసం నేను గూడ గట్లనే అడిగిన. ఎందుకియ్యలేదో నాకు తెల్వదు. తెలిసినట్టు రాసిన."

మైకు వేదిక మీదే ఉండిపోయింది కనుక వెనకున్నవాళ్లకు ఆ మాటలు వినపడలేదు. శాంతమ్మకు వినపడ్డాయి. బాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పరంజ్యోతీ ఏడ్చాడు, కూతురు పోయాక మొదటిసారి. శాంతమ్మ వెళ్లి ఆయన పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. దాచుకున్న కోపం ఆ చేతిలో ఎక్కడా మిగల్లేదు.

కాపరే ఇలా మాట్లాడితే మంద ఏమైపోతుందని, దగ్గరుండి విన్న సంఘ పెద్దలు నొచ్చుకున్నారు. కూటాలకు పిలుపులు తగ్గాయి. సంఘ పత్రికలో ఆయన రాసే శీర్షికను ఆపేశారు. ఆయన వాదించలేదు. జవాబు రాని ప్రార్థన గురించి, దేవుడి మీద అలిగిన మనిషి విశ్వాసం గురించి కొత్త పుస్తకం మొదలుపెట్టాడు. చేతులకు వణుకు జబ్బు వచ్చాక ఆయన చెబుతుంటే శాంతమ్మ రాసింది. కృప పేరు వచ్చినచోట ఇద్దరూ ఆగిపోయేవారు. చివరి అధ్యాయానికి, ఆశతో ఎదురుచూడడమనే అర్థంలో, 'నిరీక్షణ' అని పేరు పెట్టించాడు. దాని కింద ఒక్క వాక్యమైనా చెప్పలేకపోయాడు. ఆమె పొద్దున్నే కలం పట్టుకుని ఎదురుగా కూర్చునేది.

"ఇంక రాలే శాంతా. రానిదాన్ని రాయొద్దు," అనేవాడు.

తొంభై నాలుగు ఎండాకాలంలో ఆయన పోయాడు.

సమాధి కార్యక్రమం, ఆదరణ కూటం అయ్యాక సంఘ కార్యదర్శి ఇంటికొచ్చాడు. అచ్చు కోసం ఆమె ఇచ్చిన కొత్త పుస్తకం రాతప్రతి చదివాననీ, చాలాచోట్ల కన్నీళ్లు ఆగలేదనీ చెప్పాడు. అది నిజమేనని అతని ముఖం చూస్తే తెలిసింది.

"చివర్ల జర ధైర్యం చెప్పే మాటలుండాలె అమ్మగారు. ఆ అధ్యాయం మేం రాయిస్తం. అయ్యగారి పేరు మీదనే వస్తది."

ఒప్పుకోకపోతే ఆయన చివరి కష్టమంతా పెట్టెలోనే ఉండిపోతుందని శాంతమ్మకు తెలుసు.

"ఆయనకు రానిది ఆయన పేరు మీద వద్దు. ఉన్నది ఉన్నట్టు వేస్తే వేయుండ్రి, లేకుంటే ఇడిచిపెట్టుండ్రి," అంది.

వాళ్లు విడిచిపెట్టారు. పాత పుస్తకం మాత్రం మళ్లీ మళ్లీ అచ్చవుతూనే ఉంది, అట్ట మీద ఆయన పడుచుతనపు ఫోటోతో.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నాగర్‌కర్నూల్ నుంచి ఒక జంట ఆ పుస్తకం పట్టుకుని ఆమెను చూడడానికి వచ్చింది. అమ్మాయి నిండు చూలాలు. రోజూ చదువుకుంటున్నామని చెప్పి, అయ్యగారు ఇంట్లో ప్రార్థన ఎలా చేసేవారని అడిగింది. ఉన్నదున్నట్టు చెబుదామని శాంతమ్మ నోరు తెరిచింది. ఆ పిల్ల కడుపు మీద పెట్టుకున్న చెయ్యి చూసి ఆగిపోయింది.

"మంచిగ చేసేటోడు బిడ్డా," అంది.

వాళ్లకు చాయ్ ఇచ్చి, వీధి మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడింది. లోపలికొచ్చి, ఆయన పేరు మీద తానే ఆడిన అబద్ధానికి ఏడుస్తూ కూర్చుండిపోయింది.