పడమటి బాల్కనీ

"ఆకులు తుడవడానికి ఓపికుంటుంది. నా చొక్కాల దగ్గరికొచ్చేసరికే ఉండదు," అన్నాడు బ్రెట్ సోఫాలోంచి.

కెరిన్ తలెత్తలేదు. తడిగుడ్డతో స్నేక్ ప్లాంట్ ఆకుని కిందినుంచి పైదాకా మెల్లగా తుడిచి, పక్క ఆకు అందుకుంది. ఆదివారం పొద్దున ఈ కాసేపే ఆమెది. సరిగ్గా ఆ కాసేపట్లోనే మొగుడికి చొక్కాలు గుర్తొస్తాయి, ఫ్రిజ్‌లో పాలు అయిపోయిన సంగతి గుర్తొస్తుంది, వాళ్ళమ్మ నలుగురు పిల్లల్ని సాకుతూ కూడా ఇల్లు అద్దంలా ఉంచేదని గుర్తొస్తుంది.

ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో వాళ్ళకి ఇంతకుముందు పెరడున్న ఇల్లుండేది. గడ్డి కోయడం తనవల్ల కాదంటూ బ్రెట్ దాన్ని అమ్మించి, ఐదో అంతస్తులో ఈ ఫ్లాట్ కొనిపించాడు. ఆ గడ్డి ఏనాడూ అతను కోసింది లేదు. కోసింది కెరిన్. ఆ మాట అప్పుడు అననందుకు ఆమెకి ఇప్పటికీ తనమీద తనకి మంటే. ఫ్లాట్‌లోకి వచ్చాక మూలమూలకీ కుండీలు పెట్టుకుంది. కిటికీకి దూరంగా స్నేక్ ప్లాంట్లు, పుస్తకాల అరమీంచి జారే మనీ ప్లాంట్, తలుపు పక్కన నిగనిగలాడే ఆకుల జెడ్‌జెడ్ మొక్క. వెలుతురు చాలకపోయినా, రెండు వారాలు నీళ్ళు మర్చిపోయినా కిమ్మనని రకాలు. బద్ధకంతో ఏరుకున్నవి కావవి. తెల్లారకముందే లేచి లాబ్‌కి వెళ్ళి జనం చేతుల్లోంచి రక్తం తీసి, సాయంత్రం సరుకులు మోసుకొచ్చి, వంట చేసి, గిన్నెలు కడిగి, బ్రెట్ టైర్ల షాపు బిల్లులు సర్దిపెట్టాక ఆమెలో మిగిలే కాస్తలో పెరగగలిగినవి అవే. బ్రెట్ మాత్రం స్నేహితులొచ్చినప్పుడల్లా, "మా ఆవిడ తను కూడా చంపలేని మొక్కల్ని వెతికి వెతికి పట్టుకొచ్చింది!" అని నవ్వించేవాడు. అందరితోపాటు కెరిన్ కూడా నవ్వేది. నవ్వి, వాళ్ళకి బీర్లు తెచ్చిచ్చేది.

క్రిస్మస్‌కి ముందు మామగారు మెర్వ్ రెండు గంటల దూరంలోని బన్‌బరీలో తన షెడ్డు మెట్లమీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రి వరండాలో ఆడపడుచు లియాన్ ముందే చేతులెత్తేసింది. "నాకు సెలూనుంది బాబూ. పండగ రోజులు, ఊపిరాడదు."

"కెరిన్‌కి లాంగ్ లీవుందిగా, ఊరికే పడుంది. తను చూసుకుంటుంది," అన్నాడు బ్రెట్.

కెరిన్ అక్కడే, అతని భుజం పక్కనే, అందరికీ టీ పట్టుకుని నిలబడి ఉంది. ఎవరూ ఆమెవైపు తిరగలేదు. లియాన్ టీ అందుకుని, "హమ్మయ్య," అంది.

ఒకేచోట పదేళ్ళు పనిచేస్తే వచ్చే సెలవది. ఆ సెలవులో టాస్మేనియా వెళ్ళి కొండలమ్మట తిరగాలని స్నేహితురాలితో కలిసి అనుకుంది, కొత్త బూట్లు కొనుక్కుని ఇంట్లోనే తొడుక్కు తిరిగి మెత్తబరుచుకుంది కూడా. స్నేహితురాలు ఒక్కతే వెళ్ళింది. కెరిన్ బన్‌బరీకి బయల్దేరుతూ మొగుణ్ణి అడిగింది ఒక్కటే. "రెండు వారాలకోసారి మొక్కలకి తలో కప్పు నీళ్ళు పొయ్యి. ఉన్నచోటే ఉంచు. ఇంకేం చెయ్యక్కర్లేదు."

"చిత్తం మహారాణీ," అన్నాడు బ్రెట్ ఫోనులోంచి తలెత్తకుండా.

మెర్వ్ మంచాన పడ్డాడన్న మాటేగాని నోటికి ఏ జబ్బూ లేదు. టీ పల్చన, సూపు చిక్కన, దిండు ఎత్తు. "ఏం చేతులివి, ఇసుక కాగితమా?" అనేవాడు ఆమె వీపు రుద్దుతుంటే. ఆ చేతులు రోజంతా ఎందుకు కడగాల్సొస్తోందో ఇద్దరికీ తెలుసు. సాయంత్రాలు లియాన్ తలుపులోంచి తొంగిచూసి, తండ్రి నుదుటిమీద ముద్దు పెట్టి, చాక్లెట్లు ఇచ్చి పోయేది. ఆ తర్వాత గంటసేపు ముసలాయన కూతుర్ని పొగిడేవాడు. "పాపం, దానికి షాపు. నీకైతే ఏముంది!" అనేవాడు. అప్పుడు కెరిన్ చేతిలో బెడ్‌పాన్ ఉండేది. ఒకరోజు దాన్ని ఉన్నదున్నట్టు అతని దుప్పటిమీద వంచేస్తే ఎలా ఉంటుందా అని చాలాసేపు, ఎంతో తృప్తిగా ఊహించుకుంది. తర్వాత వెళ్ళి శుభ్రంగా కడుక్కొచ్చింది. ఊహించుకున్నందుకు సిగ్గుపడలేదు. కడిగినందుకే సిగ్గేసింది.

జనవరి చివర్లో లియాన్ శని, ఆదివారాలు తను ఉంటానంటే కెరిన్ ఇంటికొచ్చింది. తలుపు తీసేసరికి మూలలన్నీ బోసిగా ఉన్నాయి. కార్పెట్ మీద బీరు మరకలు, గోడవారగా మడత కుర్చీలు.

"ఓ, వచ్చేశావా! తినడానికేమన్నా తెచ్చావా?" అన్నాడు బ్రెట్.

ఆమె బాల్కనీ తలుపు లాగింది. పడమటి బాల్కనీ అది. జనవరంటే అక్కడ మండువేసవి, మధ్యాహ్నం దాటాక ఆ పలకలమీద వట్టికాలు పెట్టలేరు. కుండీలన్నీ ఒకదానిమీద ఒకటి తోసేసి ఉన్నాయి. స్నేక్ ప్లాంట్ ఆకులు ఉడికినట్టు తెల్లబడి మెడలు వాల్చేశాయి. మనీ ప్లాంట్ ముట్టుకుంటే అప్పడంలా చిట్లింది. జెడ్‌జెడ్ కాడలు బూడిదరంగులో పడున్నాయి.

"వీటిని బయటెవరు పెట్టారు?"

"కుర్రాళ్ళు క్రికెట్ చూడ్డానికొచ్చారు, చోటు లేదు. తర్వాత లోపల పెడదామనుకున్నా."

"ఎప్పుడొచ్చారు?"

"న్యూ ఇయర్‌కి అనుకుంటా. ఏం, అవి చావని రకం అన్నావుగా?"

పక్క బాల్కనీలో దెస్పినా బట్టలు తీస్తోంది. గ్రీకావిడ, పెద్దావిడ. కటకటాలమీదుగా వంగి, "అమ్మాయీ, నేను చెప్పానమ్మా. రెండుసార్లు చెప్పా మీ ఆయనకి, మాడిపోతున్నాయి బాబూ లోపల పెట్టుకో అని. కెరిన్ వచ్చాక చూసుకుంటుందిలే అన్నాడు," అంది.

కెరిన్ కాసేపు కటకటాలు పట్టుకుని నిలబడింది. ఇనుము కాలుతోంది. చెయ్యి తియ్యలేదు.

లోపల బ్రెట్ ఫోను మోగింది. అతను స్పీకర్ పెట్టాడు. లియాన్ గొంతు గదంతా పరుచుకుంది. "కెరిన్ ఉందా? సోమవారం పొద్దున్నే బయల్దేరమను. నాన్న నన్ను స్నానానికి దగ్గరికి రానివ్వట్లేదు, నాకా వాసన పడదు. ఇంకో నెల, అంతే!"

"తనకి చెప్తాలే," అన్నాడు బ్రెట్.

"నేను రాను లియాన్," అంది కెరిన్ గుమ్మంలోంచి.

బ్రెట్ ఫోను దించాడు. "ఏంటి, పిచ్చా? మా నాన్నని అలా వదిలేస్తావా? దేనికి? ఈ మొక్కల కోసమా?"

ఆమె గొంతుదాకా ఎన్నో వచ్చాయి. పెరడు, సెలవు, ఆసుపత్రి వరండాలో చల్లారిన టీ, ఇసుక కాగితం చేతులు. ఒక్కొక్కటే బయటపెడితే ఒక్కొక్కదాన్నే అతను తీసుకుని, తిప్పిచూసి, ఇంతేనా అని పక్కన పడేస్తాడు. ఇన్నేళ్ళుగా జరిగిందదే. పైగా తను రుజువులు చూపించాలి, అతను తీర్పు చెప్పాలి.

"అవును. మొక్కల కోసమే," అంది.

ఈ మాట ఇక అతను ఊరంతా చెప్పుకుంటాడని ఆమెకి తెలుసు. మొక్కలకోసం ముసలాయన్ని గాలికొదిలేసిన పెళ్ళామని. చెప్పుకోనీ.

ఆదివారమంతా అరిచాడు, బతిమాలాడు, వాళ్ళమ్మ ఉంటే ఇలా జరిగేదా అన్నాడు. కెరిన్ వినలేదు, జవాబివ్వలేదు, చొక్కాలు ఇస్త్రీ చెయ్యలేదు. సోమవారం అతను నలిగిన చొక్కాతోనే కారు తీసుకుని బన్‌బరీ వెళ్ళాడు.

అతను వెళ్ళాక ఆమె కుండీలన్నీ లిఫ్టులో కిందికి దించింది. చెత్తగదిలోకి దెస్పినా వచ్చింది. జెడ్‌జెడ్ కుండీలో వేలు పెట్టి మట్టి కెలికి చూసి, "దీని దుంప గట్టిగానే ఉందమ్మా! మూలన పడేస్తే చాలు, అదే చిగురేస్తుంది. ఎంత తట్టుకుంటుందో పాపం!" అంది.

"మీరు ఉంచుకోండి," అంది కెరిన్. తట్టుకోవడాన్ని ఇంకెవరైనా మెచ్చుకుంటే వినే ఓపిక ఆమెకి లేదు.

మధ్యాహ్నం బస్సెక్కి నర్సరీకి వెళ్ళింది. సన్నటి నల్లని కాడలమీద పల్చటి ఆకులతో ఉన్న ఫెర్న్ మొక్క ఒకటి తీసి బల్లమీద పెట్టింది. అమ్మే పిల్ల మొహం చిట్లించింది.

"ఫ్లాట్‌లోకా అండీ? ఇది ఒట్టి పేచీకోరు. ఒక్కపూట నీళ్ళు తప్పాయంటే వాడిపోతుంది. సులువుగా పెరిగేవి బోలెడున్నాయి, చూపించనా?"

"వద్దమ్మా," అంది కెరిన్. "దీన్ని పట్టించుకోకపోతే ఆ సాయంత్రానికే ఇంట్లో అందరికీ కనపడుతుంది కదా. ఇదే ఇవ్వు."