అరిగిన బొటనవేలు

దరఖాస్తు ఆఫీసుకు బయలుదేరేటప్పుడు నా దగ్గర ఉన్నవి రెండు ఫోటోలు, మా ఆయన పేరు మీదున్న పాత అనుమతి పుస్తకం, వారం రోజులుగా నూనె పట్టించిన పది వేళ్ళు. ఆ పుస్తకం చివరి పేజీలో నేనొక వరుసలో ఉంటాను: 'వెంట వచ్చు భార్య'. ఇరవై రెండేళ్ళు ఆ ఒక్క వరుస మీదే పక్క దేశానికి వెళ్ళి గుండీలు కొనుక్కొచ్చాను. కొత్త నిబంధనలొచ్చాక ఆ వరుస చెల్లదన్నారు. సరిహద్దు దాటాలంటే ఎవరి కార్డు వాళ్ళదే, ఎవరి వేలిముద్రలు వాళ్ళవే, ఎవరి వృత్తి వాళ్ళు రాయాల్సిందే. గృహిణి అని రాస్తే బంధువులను చూసి రావచ్చు, టోకు బజారులో మాత్రం అడుగుపెట్టనివ్వరు.

గుండీ మంచిదో కాదో నేను కళ్ళతో చూడను. అంచు మీద బొటనవేలు తిప్పుతాను. గరుకు తగిలితే దారం తెగుతుందని అర్థం, ఆ సంచి పక్కన పెట్టేస్తాను. అంతసేపూ మా ఆయన బయట టీ తాగుతుంటారు. ఊరికి తిరిగొచ్చాక "ఈసారి మంచి సరుకు పట్టాను" అని మా కొట్లో అందరికీ చెప్తారు. ఆ మాటకు నేనూ నవ్వేదాన్ని. సరుకు అమ్ముడుపోతే చాలు, పేరుదేముందిలే అనుకునేదాన్ని.

మా అమ్మాయి దరఖాస్తును పెన్సిలుతో నింపి, వృత్తి దగ్గర 'గుండీల వ్యాపారి' అని రాసింది. మా ఆయన దాన్ని రబ్బరుతో చెరిపి, పెన్నుతో 'గృహిణి' అని రాశారు. "ఇద్దరం వ్యాపారులమంటే వంద ప్రశ్నలేస్తారే. ఇకనుంచి నేనొక్కణ్ణే వెళ్ళొస్తాలే. ఫోటోలు పంపుతా, నువ్వు చూసి చెబుదువుగాని." ఫోటో మీద బొటనవేలు తిప్పితే ఏం తెలుస్తుంది? అనుకుంటూనే దరఖాస్తు మడిచి సంచిలో పెట్టాను.

అరిగిన వేళ్ళను వేలిముద్రల మిషను తీసుకోదని ఎవరో చెప్తే, "వారం పాటు గిన్నెలు తోమకు" అన్నారాయన, వరమిచ్చినట్టు. రెండో రోజుకే అత్తయ్య, "వేళ్ళకు సెలవిచ్చావు సరే, రేపు అన్నం దేంట్లో తినాలి తల్లీ?" అంది. చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకుని తోమాను.

అంతా చేసినా ఆఫీసులో మిషను నా కుడి బొటనవేలిని తీసుకోలేదు. తుడిచి పెట్టాను, తడిపి పెట్టాను. వెనక వరుస పెరిగిపోయింది. కౌంటరులో అమ్మాయి విసుగు లేకుండానే అడిగింది.

"ఏం పని చేస్తారమ్మా?"

"ఇంట్లోనే ఉంటుందండి, ఖాళీగా," అన్నారు మా ఆయన.

ఆమె నావైపు చూసింది. "అవునండి, ఖాళీగానే," అన్నాను. ఆయన మాట కాదు, నా మాటే. సరిహద్దు దగ్గర ఏళ్ళ తరబడి చెప్పిన జవాబు, త్వరగా వదిలేస్తారని చెప్పిన జవాబు, అలవాటుగా వచ్చేసింది. పక్కన సంచి పట్టుకుని నిలబడ్డ మా అమ్మాయి నేలవైపు చూసింది. అరిచినా బాగుండేది.

"ముద్ర పడకపోతే ఏ పని వల్ల అరిగిందో రాయాలండి. పనే లేదంటే నేనేం రాయను?"

"గిన్నెలు తోమి అని రాయండి," అని నవ్వారాయన. వరుసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ కౌంటరు కింద దూరిపోవాలనిపించింది. కళ్ళు దరఖాస్తు మీదకు దించాను. 'గృహిణి' కింద చెరిపిన పెన్సిలు గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. మా అమ్మాయి గట్టిగా అదిమి రాస్తుంది.

"ఆ పెన్ను ఇలా ఇవ్వమ్మా," అన్నాను కౌంటరులో అమ్మాయితో. గృహిణిని కొట్టేసి, ఆ గీతల మీదే దిద్దాను. కారణం దగ్గర, 'ఇరవై రెండేళ్ళుగా గుండీలు ఏరడం వల్ల, గిన్నెలు తోమడం వల్ల' అని రాశాను. మా ఆయన "ఏంటే ఇది, అందరి ముందూ" అన్నారు. సంతకం పెట్టాను.

బస్సులో మా అమ్మాయి మెల్లగా అడిగింది. "సరిహద్దు గేటు దగ్గర ఎప్పుడూ అలాగే చెప్పేదానివా అమ్మా?"

"ఎప్పుడూ అలాగే."

అది కిటికీవైపు తిరిగింది. ఆ సిగ్గు ఇంకా నా దగ్గరే ఉంది. తర్వాత కార్డు ఇంటికొచ్చింది. ఇన్నాళ్ళ రాకపోకల్లో చివరికి నాకు దక్కింది, నా మొహం ఒక్కటే ఉన్న ఆ కార్డు. వచ్చే నెల గేటు దగ్గర ఎవరి కార్డుతో వాళ్ళే నిలబడాలి కాబట్టి నా పక్కన ఎవరూ ఉండరు. ఏం పని చేస్తారని అడుగుతారు. జవాబు ఇప్పటినుంచే పైకి చెప్పి చూసుకుంటున్నాను, గిన్నెలు తోముతూ.