ఏడో పేరా

అమలాపురంలో ప్లీడరు రాజేంద్రప్రసాద్ గారి అరుగు మీద ఇరవై ఏడేళ్లు గుమస్తాగా కూర్చున్నాను. లోపల ఆయన కాఫీ తాగి, పేపరు చదివి పిలిచేలోపు వచ్చినవాళ్లంతా నన్నే అడిగేవారు. విడాకులకి ఎన్నాళ్లు పడుతుందండీ? పిల్లలు ఎవరికి వస్తారండీ? మా ఆయన ఉద్యోగం మానేశానని చెబితే భరణం ఎగ్గొట్టచ్చాండీ? అన్నిటికీ నా దగ్గర జవాబుండేది. పసిపిల్లల్ని మామూలుగా తల్లి దగ్గరే ఉంచుతారు. భరణం నాకక్కర్లేదని తల్లి సంతకం పెట్టేసినా బిడ్డ హక్కు పోదు. ఫీజు పుచ్చుకోకుండా చెప్పేవాణ్ణి కాబట్టి నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

జవాబు చెప్పలేకపోయిన ప్రశ్న ఒక్కటే. అది అడిగింది పదేళ్ల పిల్ల, నిఖిత. నేను టైపు చేసిన ఒక పేరా వల్ల ఆ పిల్ల మూడేళ్లు తల్లికి దూరమైంది. ఆ సంగతే చెబుతాను.

హిందువుల కేసుల్లో భర్త చిత్రహింసలు పెడుతున్నాడని రుజువైతే విడాకులిచ్చేవారు. మా క్రైస్తవుల చట్టం అలా ఉండేది కాదు. తెల్లదొరలు రాసి వెళ్లిన చట్టం అది. మొగుడు ఎముకలు విరగ్గొట్టినా ఆ ఒక్క కారణం చాలదు, అతనికి ఇంకో ఆడదానితో సంబంధం ఉందని కూడా భార్య చూపించాలి. ఆవిడ ఎవరో, ఏ ఊరో చెప్పాలి. అలాంటి ఆవిడ అసలు లేకపోతే? లేకపోతే నేనున్నాను.

మా ఆఫీసులో అలాంటి పిటిషన్లకి ఒక నమూనా ఉండేది. మొదటి పేరాలో పెళ్లి, మూడో పేరాలో పిల్లలు, ఐదో పేరాలో దెబ్బలు, ఏడో పేరాలో ఆ రెండో ఆడమనిషి. ఆమె పేరు దగ్గర ఖాళీ. ఆ ఖాళీలో ఎన్ని పేర్లు నింపానో నాకే గుర్తులేదు. భర్తలు చాలామంది కోర్టు మొహమే చూసేవారు కాదు. కేసు ఏకపక్షంగా తేలిపోయేది, పేరు పడిన మనిషికి ఆ సంగతే తెలిసేది కాదు. దెబ్బలు తిన్న ఆడపిల్ల బయటపడుతోంది కదా, ఇందులో పాపమేముంది అనుకునేవాణ్ణి. నేనూ ఆదివారం చర్చికి వెళ్లేవాణ్ణే. పాటలు అందరికంటే గట్టిగా పాడేవాణ్ణి.

1998 వేసవిలో అమ్మాజీ వచ్చింది. రాజోలు దగ్గర ఒక పల్లెటూరి బళ్లో టీచరు. ఆరేళ్ల కూతురు నిఖితని వెంటబెట్టుకొచ్చింది. అమ్మాజీ ఎడమ చెయ్యి భుజం దాటి పైకి లేచేది కాదు. అదేమిటమ్మా అంటే, "బోర్డు మీద రాయడానికి కుడిచెయ్యి బాగానే ఉందండి" అంది. ఆ చెయ్యి విరగ్గొట్టింది భర్త సాలమోను. తాటిపాకలో ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు.

"నాకు భరణం వద్దండి. నా జీతం ఉంది. పిల్లని నా దగ్గరే ఉంచేలా రాయండి చాలు. అతనెప్పుడొచ్చి ఎత్తుకుపోతాడోనని బళ్లో కూడా కిటికీ వైపే చూస్తా ఉంటున్నానండి," అంది.

"విడాకులూ పిల్లా ఒకేసారి అడుగుదామమ్మా," అన్నాను. "మీ ఆయనకి ఇంకెవరితోనైనా..."

"అబ్బే, అలాంటిదేం లేదండి. కొట్టడం ఒక్కటే."

"సరే, మధ్యాహ్నం భోజనం ఎక్కడ చేస్తాడు?"

"తాటిపాక సెంటర్లో వీరవేణి గారి హోటల్లోనండి. పాపం, భర్త పోయేక ఆవిడే నడుపుకుంటోంది."

అంతే. ఏడో పేరాలో ఖాళీ నిండిపోయింది. పిటిషన్ ఇంగ్లీషులో ఉంది. అమ్మాజీ కూడబలుక్కుంటూ చదువుతూ ఆ పేరు దగ్గర ఆగింది.

"ఈవిడ పేరు ఎందుకొచ్చిందండీ?"

"అది ఫార్మాటమ్మా. ప్రతి కేసులోనూ ఉంటుంది. లేకపోతే కేసుకి నంబరు కూడా ఇవ్వరు. సంతకం పెట్టండి, అవతల బస్సు వెళ్లిపోతుంది."

పెద్దవాణ్ణి కదా అనుకుంది, నమ్మింది, సంతకం పెట్టింది. నిఖిత నా టైపు మిషను గంట మోగినప్పుడల్లా నవ్వుతోంది. దాని నవ్వు చూసి మంచిపని చేస్తున్నానన్న నమ్మకం ఇంకా పెరిగింది నాకు.

సాలమోను కోర్టు మొహం చూడని రకం కాదు. సమన్లతో వచ్చిన కాపీని జిరాక్సులు తీయించి, నా పెళ్లాం ఎంత నీచురాలో చూడండని తాటిపాక సెంటర్లో పంచిపెట్టాడు. అందులో ఒకటి వీరవేణి మరిది చేతిలో పడింది.

ఆర్నెల్లకి వీరవేణి మా అరుగెక్కింది. ముప్పై ఏళ్లుంటాయేమో. చేతుల మీద నూనె చుక్కలు పడి కాలిన మచ్చలు.

"సుందరరావు గారంటే మీరేనా అండీ?"

"ఆయ్, నేనేనండి."

సంచిలోంచి కాగితం తీసి నా బల్ల మీద పెట్టింది. "నాకు ఇంగ్లీషు రాదండి. ఇందులో నా పేరు ఎక్కడుందో చూపించండి."

వేలు పెట్టి చూపించాల్సి వచ్చింది. ఆమె వంగి ఆ అక్షరాల వంక చాలాసేపు చూసింది. ఆ రోజు అరుగు మీద పదిమంది ఉన్నారు.

"మా మరిది కేసేశాడండి. నేను చెడు నడతదాన్నంట, నా కూతురు రేవతిని నా దగ్గర ఉంచకూడదంట. దాని పేరు మీద అరెకరం కొబ్బరితోట ఉందండి. ఆయనకి కావలసింది అదీ. ఇన్నాళ్లూ ఏ వంకా దొరక్క ఊరుకున్నాడు. ఇప్పుడు కోర్టు కాగితమే దొరికింది." గొంతు పెంచలేదు. "సాలమోను గారికి అన్నం పెట్టి డబ్బులు తీసుకున్నానండి. అంతకుమించి ఆయన ముఖం కూడా నాకు సరిగ్గా తెలీదు. ఇది ఎవరు రాశారండీ?"

"పిటిషన్‌దారు చెప్పినట్టే రాస్తామమ్మా," అన్నాను. నోరు ఎలా వచ్చిందో మరి. వచ్చింది.

ఆమె అక్కణ్ణుంచి నేరుగా అమ్మాజీ పనిచేసే బడికి వెళ్లింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మర్నాడు పొద్దున్నే అమ్మాజీ వచ్చి ప్లీడరు గారి ముందు నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"వీరవేణి గారి కేసులో నేను సాక్ష్యం చెబుతానండి. ఆ పేరా అబద్ధమని."

రాజేంద్రప్రసాద్ గారు కళ్లజోడు తీసేరు. "చెబితే ఏమవుతుందో తెలుసా అమ్మా? మీ విడాకుల కేసు కొట్టేస్తారు. ప్రమాణం చేసి అబద్ధం రాయించిందని మీ మీద మచ్చ పడుతుంది. రేపు మీ ఆయన పిల్ల కోసం వస్తే ఆ మచ్చే చూపిస్తాడు."

"చెప్పకపోతే ఆవిడ పిల్ల పోద్దండి."

"మీ పిల్ల మాటేంటి?"

అమ్మాజీకి కన్నీళ్లు ఆగలేదు. కొంగుతో తుడుచుకుంది. "నా పిల్లని ఉంచుకోడానికి ఇంకొకరి పిల్లని తీసేసుకోలేనండి. చర్చిలో ఆదివారం బడి పిల్లలకి అబద్ధ సాక్ష్యం తప్పని చెప్పేది నేనే."

ఆమె వెళ్తూ నా బల్ల దగ్గర ఒక్క క్షణం ఆగింది. నేను రిబ్బను మారుస్తున్నట్టు తల దించుకున్నాను.

వీరవేణి కేసు విచారణ రాజమండ్రి జిల్లా కోర్టులో. మా ప్లీడరు గారికి అదే రోజు అక్కడ వేరే వాయిదా ఉండటంతో ఆయన కట్టలు పట్టుకుని నేనూ వెళ్లాను, వెనక బెంచీలో కూర్చున్నాను. అమ్మాజీ బోనెక్కింది. వీరవేణికీ తన భర్తకీ ఏ సంబంధమూ లేదని, తన పిటిషన్‌లో ఏడో పేరా అబద్ధమని చెప్పింది.

జడ్జిగారు తలెత్తారు. "అయితే ఆ పేరు మీ పిటిషన్‌లోకి ఎలా వచ్చింది? ఎవరు రాశారు?"

అమ్మాజీ నా వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. ఊరికే చూసింది, నేను లేస్తానేమోనన్నట్టు. మా మధ్య నాలుగు బెంచీలున్నాయి. లేచి, "నేనండి, నేను టైపు చేశాను, ఆమె అడిగినా వినకుండా సంతకం పెట్టించాను" అంటే సరిపోయేది. ఉద్యోగం పోయేదేమో. పోలీసు కేసయ్యేదేమో. నాకు ఇద్దరు పిల్లలు చదువుల్లో ఉన్నారు. ఇవన్నీ ఆ క్షణంలో లెక్క వేసుకున్నాను. కూర్చునే ఉన్నాను.

"సంతకం నాదండి," అంది అమ్మాజీ.

వీరవేణికి రేవతి దక్కింది. మరిది కేసు కొట్టేశారు. అమ్మాజీ విడాకుల కేసూ కొట్టేశారు, ఆమె మాట నమ్మదగ్గది కాదని రెండు వాక్యాలు రాసి మరీ. ఆ రెండు వాక్యాలూ పట్టుకుని సాలమోను పిల్ల కోసం పిటిషన్ వేశాడు. విరిగిన చేతికి ఆస్పత్రి కాగితం లేదు. మెట్ల మీద జారిపడిందన్నాడు. అబద్ధాలాడేదని కోర్టే రాసిన మనిషి మాట కంటే అతని మాటే నిలిచింది. 1999 చివర్లో నిఖితని తండ్రికీ నాన్నమ్మకీ అప్పగించారు. నెలకోసారి, రెండో శనివారం తల్లి వచ్చి చూసుకోవచ్చు.

అప్పగించిన రోజు కోర్టు వరండాలో నిఖిత తల్లి చీర కుచ్చిళ్లు వదల్లేదు. అమ్మాజీ కుడిచేత్తో ఒక్కొక్క వేలే విడదీసింది. నేను చూడలేక పక్కకి తిరిగిపోయాను. తర్వాత మూడేళ్లు అరుగు మీద ఎవరైనా "పిల్లలు ఎవరికి వస్తారండీ" అని అడిగితే, లోపల ప్లీడరు గారిని అడగండి అనేవాణ్ణి.

2001లో చట్టం మారింది. క్రైస్తవ స్త్రీకి కూడా క్రూరత్వం ఒక్కటే చాలన్నారు. నూట ముప్పై ఏళ్ల పైన పట్టింది ఆ మాట అనడానికి. నా నమూనా చించి పొయ్యిలో పెట్టాను. పేపర్లో అది చదివి అమ్మాజీ మళ్లీ వచ్చింది. చిక్కిపోయింది.

"ఈసారి తెలుగులో రాయండి గుమస్తా గారూ. నేను చదువుకునే సంతకం పెడతాను."

రాశాను. విడాకులివ్వాలని, నిఖితని తిరిగి తల్లికి అప్పగించాలని. పిల్లల కాపీలు దిద్దినట్టు ప్రతి మాట కిందా వేలు పెట్టి చదివింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు తేలికయ్యేది.

2002లో జడ్జిగారు నిఖితని తన గదిలోకి పిలిపించి మాట్లాడారు. కొత్త జడ్జిగారు. పిల్ల బయటికొచ్చాక ఆయన మా ప్లీడరు గారితో అన్నారట, "తల్లి దగ్గరికి వెళ్తావా అంటే, మా అమ్మ కోర్టులో అబద్ధమాడిందంట కదండీ అంటోంది. తల్లి మీద ఆ పిల్లకి నమ్మకం లేదు. నమ్మకం లేని చోటికి ఎలా పంపను?" మధ్యాహ్నం ఉత్తర్వు చెబుతామన్నారు.

అమ్మాజీ ఆ మాట విని వరండా స్తంభానికి ఆనుకుని నిలబడిపోయింది. పదడుగుల దూరంలో బెంచీ మీద నిఖిత. నాన్నమ్మ మంచినీళ్లకి వెళ్లింది.

నేను వెళ్లి పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాను. "నిఖితా, నేను గుర్తున్నానా?"

"గంట మోగే మిషను తాతగారు."

"ఆయ్. ఆ అబద్ధం మీ అమ్మది కాదమ్మా. నాది. ఆ మిషను మీద నేనే కొట్టాను. మీ అమ్మ ఇదేంటని అడిగింది కూడా. నేనే సంతకం పెట్టించాను. తర్వాత అది అబద్ధమని కోర్టులో నిజం చెప్పింది మీ అమ్మ ఒక్కత్తే. చెబితే నువ్వు దూరమవుతావని తెలిసి కూడా చెప్పింది."

ఆ పిల్ల నా మొహం వంక చూసింది, తర్వాత తల్లి వంక. "ఆ రోజు మీరు అక్కడ ఉన్నారా అండీ?"

"ఉన్నానమ్మా. వెనక కూర్చున్నాను."

"మరి మీరెందుకు చెప్పలేదు?"

"భయమేసింది తల్లీ."

"మరి మా అమ్మకి వెయ్యలేదా అండీ?"

ఎన్ని వందల ప్రశ్నలకి జవాబు చెప్పానో ఆ అరుగు మీద. నిఖిత బెంచీ దిగింది. వరండాలో పదడుగులూ నడిచి వెళ్లి, తల్లి పైకి లేవని ఎడమచేతిని పట్టుకుంది.

నేను కోర్టు హాల్లోకి వెళ్లాను. రాజేంద్రప్రసాద్ గారు కాగితాలు సర్దుకుంటున్నారు.

"ఉత్తర్వు చెప్పేలోపు ఒక సాక్షి ఉన్నాడని జడ్జిగారికి చెప్పండి," అన్నాను.

"ఎవరయ్యా?"

"నేనేనండి."

"తెలిసే అంటున్నావా సుందరరావూ? రేపట్నుంచి నిన్ను నా అరుగు మీద కూర్చోబెట్టుకోలేను."

"తెలుసండి," అని, వెనక బెంచీ వైపు వెళ్లకుండా బోను పక్కనే నిలబడ్డాను.