మీటరుకు దొరకని పాయింటు

నేను ఒక పాయింటును. బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారే చోట ఉంటాను. నా పొడవు జానెడు. రైల్వే ఉద్యోగుల శిక్షణ కేంద్రంలో, బల్ల మీద బిగించిన మోడల్ స్టేషనులో నా నంబరు ఏడు. నా మీదుగా నేరుగా పోతే మెయిన్ లైను, పక్కకు తిరిగితే లూపు లైను.

ఒక ఫిట్టరు ఇత్తడి కడ్డీలను ఆకురాయితో అరగదీసి నన్ను చేశాడు. రెండుసార్లు అటూ ఇటూ కదిపి "నడుస్తాది" అన్నాడు. ముప్పై ఏళ్ళయింది, కదులుతూనే ఉన్నాను. కాబోయే స్టేషన్ మాస్టర్లు బటన్ నొక్కుతారు, కింద మోటారు లాగుతుంది, నేను ఒక పక్కకు ఆనుకుంటాను. ఆనుకున్నానో లేదో ఇంకొకరు నొక్కుతారు. తప్పు నొక్కినవాళ్ళు నన్ను చూస్తారు. సరిగ్గా నొక్కినవాళ్ళు పరీక్ష అధికారిని చూస్తారు.

నాలో కదిలే పట్టాను నాలుక అంటారు. నాలుక పక్క పట్టాకు తగిలితేనే అందులోకి కరెంటు వస్తుంది, ఇంజను నడుస్తుంది. తగలకపోతే ఆగుతుంది. నా గురించి తెలుసుకోవలసింది ఇంతే. అది మరిచిపోయి మనుషులు చాలా పని చేస్తారు.

ఆ గది మెకానిక్ ఓబులేసు. ఆయుధపూజ రోజు ఆయన స్క్రూడ్రైవరుకు, కరెంటు తగులుతుంటే కూసే మీటరుకు, మా పద్నాలుగు పాయింట్లకు బొట్టు పెట్టాడు. నూనెలో కలిపిన కుంకుమ అది. నాకు పెట్టేటప్పుడు కొంత లూపు వైపు సందులోకి దిగింది. అక్కడే ఎండిపోయింది.

దసరా సెలవులయ్యాక, వారం తర్వాత పరీక్ష. మిగతా అందరికీ మెయిన్ లైను ప్రశ్న వచ్చింది, సుంకమ్మకు లూపు వచ్చింది. ఆమె పట్టాల గ్యాంగులో తొమ్మిదేళ్ళు పనిచేసి, శాఖ పరీక్ష రాసి, స్టేషన్ మాస్టరు శిక్షణకు వచ్చింది. బటన్ నొక్కింది. నేను కదిలాను. లూపు కరెంటు స్విచ్చి కూడా వేసింది. ఇంజను నా మీదికి వచ్చి ఆగిపోయింది. లూపుకు కరెంటు ఇవ్వకుండా బండి వదిలిందని అధికారి రాసుకున్నాడు. ఇచ్చానని ఆమె చెప్పింది. ఆయన కాగితం మీంచి తల ఎత్తలేదు. ఇంకో అవకాశం మరునాడు పదింటికి. అదీ పోతే ఆమె తిరిగి గ్యాంగుకు పోవాలి.

ఆ మధ్యాహ్నం ఆమె ఓబులేసును వదల్లేదు. ఆయన వైర్లు మార్చాడు, మోటారు విప్పి బిగించాడు. మీటరు సూది నా నాలుక మీద ఒత్తాడు. మీటరు కూసింది.

"చూడు, కరెంటు పారుతాంది. పాయింటు బాగుంది" అన్నాడు.

ఇంజను పెట్టారు. ఆగింది. మళ్ళీ సూది పెట్టాడు. మళ్ళీ కూసింది. సూది ఒత్తితే నాలుక పట్టాకు తగులుతుంది, తీస్తే విడిపోతుంది. ఆయన తాకినంతసేపూ నాకు ఏ జబ్బూ లేదు. ఈ సంగతి చెప్పే దారి నాకు లేదు. పదకొండుసార్లు తాకాడు.

"నువ్వు ఒత్తినప్పుడే చెప్తాందన్నా అది. ఒత్తకుండా చూడు" అంది సుంకమ్మ.

"ఒత్తకుంటే మీటరు ఎట్ల చెప్తాదమ్మా? నాకు నేర్పుతాండవా?"

"పక్కకు జరుగు."

"సుత్తి కొట్టిన చేతులు. బొమ్మ పాయింటు, ఇరిగిపోతాది."

"ఇరిగితే ఇరగనీ. రేపు బండి ఆగితే మళ్ళీ సుత్తే గదా పట్టుకునేది."

ఆమె బల్ల మీదికి వంగి, కన్ను నా ఎత్తుకు తెచ్చింది. గ్యాంగులో పాయింటు సందు చూడకుండా గ్యాంగు పెద్ద, మేటు, ఎవరినీ ముందుకు పోనిచ్చేవాడు కాదట. ప్రశ్నపత్రం అంచు చించి ఆ సందులో పెట్టి లాగింది. కాగితం ఎర్రగా వచ్చింది.

"తుప్పా?" అన్నాడు ఓబులేసు.

ఆమె వాసన చూసింది. "కుంకుమన్నా."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. "మంచి జరగాలనే పెడితి" అన్నాడు.

"పెట్టు, వద్దన్లా. పైన పెట్టు. సందులో వద్దు."

ఆ సాయంత్రమే ఇద్దరూ నా సందు గీకి తుడిచారు. మరునాడు ఆమె బటన్ నొక్కింది. ఇంజను నా మీదుగా లూపులోకి పోయి, సిగ్నలు ముందు ఆగింది. మరి నిన్న ఎందుకు ఆగిందని అధికారి అడిగాడు.

"నా చెయ్యి సార్. ఆయమ్మ తప్పు గాదు" అన్నాడు ఓబులేసు.

అధికారి నిన్నటి గీత కొట్టేసి పాస్ అని రాశాడు.

సుంకమ్మకు స్టేషను ఇచ్చారు. అక్కడ నాలాంటివి పద్దెనిమిది ఉన్నాయని, వాటి మీద జనం ఎక్కిన బండ్లు పోతాయని ఓబులేసు ఎవరికో చెబుతుంటే విన్నాను. వాటికీ నోరు లేదు. కానీ ఆమె ఉంది.

నా దగ్గరికి కొత్త బ్యాచ్ వచ్చింది, ముప్పై ఇద్దరు. నొక్కుతున్నారు, కదులుతున్నాను. మొన్నటి నుంచి మెయిన్ లైను వైపు నాలుక కొంచెం వదులైంది. మీటరు కూస్తోంది. ఎవరూ ఇంకా వంగి చూడలేదు.